బాపు ఎడమ చెవి

మా ఇంట్లో ఎవరం మెల్లగా మాట్లాడం. పెళ్లయిన కొత్తలో మా ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, ఒక పూట గడిచాక నన్ను పక్కకు పిలిచి "నేనొచ్చుడు ఎవరికన్న ఇష్టం లేదా? పొద్దటి నుంచి కొట్లాట అయితున్నది" అని అడిగాడు. కొట్లాటేం లేదు. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ఇంకొంచెం వెయ్యాల్నా అని అమ్మ వంటింట్లోంచి అడుగుతోంది. బాపు చాలు అంటున్నాడు. అంతే.

బాపుకు కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి సగమే పనిచేసేది. పుట్టుకతో వచ్చింది కాదు. ఇరవై ఎనిమిదేళ్లు ఆర్టిలరీలో, అంటే ఫిరంగుల దళంలో, చేసిన కొలువులో పోయింది. బాపుతో మాట్లాడాలంటే ఎడమ పక్క నుంచి పోవాలి, ముఖం కనపడేట్టు నిలబడాలి, గట్టిగా చెప్పాలి. అక్షరాల కంటే ముందు మా ఇంటి పిల్లలు నేర్చుకున్నది ఇదే.

2019 జనవరిలో, సంక్రాంతి ఇంకో వారం ఉందనగా బాపు పోయాడు. అప్పటి నుంచి ఆయన గురించి రాయాలని కూర్చుంటున్నాను, లేస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టినా ఆ చెవి దగ్గరికే వస్తోంది. సరే, అక్కడి నుంచే రాస్తాను.

బాపు 1946లో పరకాల దగ్గరి పల్లెలో పుట్టాడు. ఆయనకు ఏడాది వయసప్పుడు, 1947 సెప్టెంబర్ 2న, జాతీయ జెండా ఎగరేద్దామని చుట్టుపక్కల ఊళ్ల జనం పరకాలకు కదిలి వస్తే కాల్పులు జరిగాయి. ఇప్పుడక్కడ అమరధామం ఉంది. ఆ తర్వాత ఏడాది పాటు మా బాపమ్మ రాత్రిళ్లు ఇంట్లో పడుకోలేదు. రజాకార్లు వస్తున్నారని ఎవరో ఒకరు చెప్పేవాళ్లు, ఆమె పిల్లవాణ్ణి నడుముకు కట్టుకొని జొన్న చేలోకి పోయేది. ఏడిస్తే అందరికీ ప్రమాదమని నోట్లో బెల్లం ముక్క పెట్టేదట. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చింది. పదమూడో తారీఖున కదిలింది, పదిహేడుకల్లా నిజాం లొంగిపోయాడు. మా దిక్కు ముసలివాళ్లు దాన్ని పోలీస్ యాక్షన్ అనే అంటారు. బాపమ్మకు మాత్రం సైన్యమంటే ఒకటే అర్థం, తమను మళ్లీ ఇంట్లో పడుకోనిచ్చినవాళ్లు.

అందుకే 1964లో బాపు మిలట్రీకి పోతానంటే ఆమె ఏడ్చింది గానీ ఆపలేదు. తాత నెల రోజులు మాట్లాడలేదు.

దేశభక్తితోనే పోయాడని రాస్తే వినడానికి బాగుంటుంది, కానీ బాపే ఒప్పుకోడు. ఉన్నది ఎకరంన్నర చెల్క. ఆయన వెనుక ముగ్గురు చెల్లెళ్లు, ఒక తమ్ముడు. వానలు సరిగ్గా లేవు. చైనా యుద్ధం అయిపోయి రెండేళ్లయింది, సైన్యాన్ని పెంచుతున్నారు, భర్తీలు జోరుగా జరుగుతున్నాయి. "ఆకలి తీసుకపోయింది బిడ్డా. పోయినంక మాత్రం నన్ను అక్కడి మనుషులే నిలబెట్టిన్రు" అనేవాడు.

వరంగల్‌లో భర్తీ. ఊరి నుంచి ముగ్గురు పోతే బాపు ఒక్కడే మిగిలాడు. ఒకాయనకు ఛాతీ కొలత చాలలేదు, ఇంకొకాయనను వాళ్లమ్మ వచ్చి చెయ్యి పట్టుకొని తీసుకుపోయింది. ఎత్తు, బరువు, పరుగు అయ్యాక డాక్టరు బాపు వెనుక దూరంగా నిలబడి గుసగుసగా అంకెలు చెప్పి, తిరిగి చెప్పమన్నాడట. బాపు అన్నీ సరిగ్గా చెప్పాడు. రెండు చెవులూ పాస్. ఈ ముచ్చట చెప్పిన ప్రతిసారీ ఇక్కడికి రాగానే బాపు ఒక్క క్షణం ఆగేవాడు.

ట్రైనింగ్ హైదరాబాద్ గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో. ఆ సెంటర్ పెట్టింది 1962లోనే, అంటే బాపు చేరేటప్పటికి రెండేళ్లది. తెలుగులో ఏడో తరగతి చదివిన పిల్లవాడు అక్కడ హిందీని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడం నేర్చుకున్నాడు. చివరి దాకా అలాగే రాశాడు. మా ఇంటి లెక్కల పుస్తకంలో కూడా బియ్యం అని తెలుగులో, 'బాకీ' అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది.

ఆయన మొదట పనిచేసింది 25 పౌండర్ గన్ను మీద. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫిరంగి అది. గుండు పదకొండు కిలోలకు పైనే ఉంటుంది, పన్నెండు కిలోమీటర్ల దూరం దాకా పోతుంది. ఒక గన్నుకు ఆరుగురు. ఒకటో నంబర్ హవల్దార్, ఆయన మాటే చెల్లుతుంది. రెండో నంబర్ కుడి పక్కన ఉండి బ్రీచ్, అంటే గుండు నింపే వెనుక మూత, తెరిచి మూస్తాడు. మూడో నంబర్ ఎడమ పక్కన చిన్న సీటు మీద కూర్చుని, సైట్‌లోంచి చూస్తూ చక్రాలు తిప్పి గురి కుదురుస్తాడు. మిగతా ముగ్గురు గుండ్లు సిద్ధం చేసి అందిస్తారు, నింపుతారు. బాపు మూడో నంబర్. ఎడమ పక్కన కూర్చుంటాడు కాబట్టి పేలిన ప్రతిసారీ గన్ను ఆయన కుడి చెవి పక్కనే పేలుతుంది. చెవిలో దూది పెట్టుకునేవాళ్లు. దూది ఎంత ఆపుతుంది?

చిన్నప్పుడు నేను అడిగాను, శత్రువులను దగ్గరగా చూశావా బాపూ అని.

"మేం చూడం బిడ్డా. ముంగట ఓపీల, అవుతలోళ్లు కనవడే జాగల, కూసున్న సాబ్ చూస్తడు. ఆయన వైర్‌లెస్‌ల చెప్తడు, మేం తిప్పుతం, కొడతం. యాడ వడ్డదో ఆయనకే ఎరుక."

నాకు అప్పుడు అది చప్పగా అనిపించింది. చాలా ఏళ్ల తర్వాత ఒక రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు, ఎవరూ అడగకుండానే, "అవుతలి దిక్కు గూడ ఎవడో ఒక మూడో నంబరోడు ఉంటడు గదా" అన్నాడు. ఇంకేం అనలేదు. నేనూ అడగలేదు.

అమ్మతో పెళ్లి 1971 మే నెలలో జరిగింది. అమ్మది ములుగు దిక్కు. అప్పుడు ఆమెకు పదిహేడేళ్లు, చాలా చిన్న గొంతు. అత్తగారింట్లో ఆమె మాట పక్క అర్రలోకి కూడా వినపడేది కాదట. "పిల్ల మూగదా ఏంది?" అని బాపమ్మ సంబంధం తెచ్చినాయన్ని నిలదీసిందట. బాపు నలభై రోజులు ఉండి వెళ్లిపోయాడు. డిసెంబర్ 3న పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైంది.

అప్పుడు బాపు రెజిమెంట్ పశ్చిమ సరిహద్దులో షకర్‌గఢ్ వైపు ఉంది. ఊళ్లో పంచాయతీ రేడియో దగ్గర మగవాళ్లంతా కూడేవాళ్లు. కొత్త కోడలు అక్కడికి పోకూడదు. బావి దగ్గర ఎవరన్నా చెప్పుకుంటుంటే బొక్కెన చేదడం ఆపి వినేది. డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, 93 వేల మంది ఖైదీలయ్యారు. మర్నాడు రాత్రికి పశ్చిమాన కూడా కాల్పులు ఆగాయి. ఊళ్లో బెల్లం పంచారు. అమ్మకు కావాల్సిన కబురు మాత్రం అందులో లేదు.

ఉత్తరం జనవరిలో వచ్చింది. బడిపంతులు అరుగు మీద నిలబడి చదివాడు. "నేను క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను. ఎర్ర ఎద్దు కాలు నయమైందా, రాయగలరు. చెల్లెలి సంబంధం సంగతి తొందరపడవద్దు." అమ్మ తలుపు వెనుక నిలబడి మొత్తం విన్నది. ఎద్దు పేరుంది, ఆమె పేరు లేదు. పదిమంది ముందు చదివే ఉత్తరంలో భార్య సంగతి ఎట్లా రాస్తాడు? ఆమెకు అది అర్థమైంది. కానీ అర్థం కావడం వేరు, దుఃఖం వేరు.

ఆ సంక్రాంతికి అమ్మ చదువు మొదలుపెట్టింది. పంతులు మా చిన్నాయిన. ఆయన అప్పుడు నాలుగో తరగతి. రోజుకు రెండు అక్షరాలు, ఫీజు ఒక సకినం. సకినాలు అయిపోయాక మక్క ప్యాలాలు. పొయ్యి ముందు బొగ్గుతో, వాకిట్లో పుల్లతో రాసి చెరిపేసేది. బాపమ్మకు తెలిసింది గానీ తెలియనట్టే ఉందట. వానలు పడేసరికి అమ్మ సొంతంగా ఒక ఇన్‌లాండ్ కవరు రాసి చిన్నాయినతో పోస్ట్ చేయించింది. దాంట్లో ఉన్నది రెండే ముక్కలు. "ఇక నుంచి నాకు విడిగా రాయండి. నేనే చదువుకుంటా."

అప్పటి నుంచి నెలకు రెండు ఉత్తరాలు వచ్చేవి, ఒకటి తాత పేరు మీద, ఒకటి అమ్మ పేరు మీద. అప్పట్లో మనియార్డర్ ఫారం కింద నాలుగు మాటలు రాయడానికి చోటుండేది కదా, అది కూడా అమ్మకే. అమ్మ పేరు మీద వచ్చినవన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. మేం ఆరో తరగతి పిల్లలప్పుడు ఒకసారి దాని మూత తీస్తే అమ్మ కొట్టింది. ఆమె మమ్మల్ని కొట్టింది ఆ ఒక్కసారే. ఇప్పటికీ ఆ డబ్బా ఎవరం తెరవలేదు.

ఉత్తరాల మీద ఊరి పేరు ఉండేది కాదు. నంబరు, హోదా, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ. ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. యూనిట్ ఎక్కడున్నదీ చిరునామా చూసి ఎవరికీ తెలియకూడదని అట్లా పెట్టారు. అది తెలియక నేను రెండో తరగతిలో మా బడి గోడ మీది భారతదేశం పటంలో 56 ఏపీఓ కోసం వెతికాను. పంతులమ్మను అడిగితే ఆమె కూడా నాతో పాటు వెతికింది.

యుద్ధంలోనే చెవి పోయింది. ఒక రోజంతా ఆగకుండా కాల్చాక, రాత్రి ఎవరో పిలుస్తుంటే బాపుకు వినపడలేదు. పక్కవాడు భుజం పట్టి ఊపితే తిరిగాడు. చెవిలో ఈగ తిరిగినట్టు మోత. నాలుగు రోజుల్లో పోతుందనుకున్నాడు. పోలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే మెడికల్ కేటగిరీ తగ్గిస్తారు, ప్రమోషన్ ఆగుతుంది. ఇంట్లో ముగ్గురు చెల్లెళ్లు. ఇరవై ఏళ్లకు పైగా దాచాడు. మనుషుల పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నాడు. వరుసలో ఎప్పుడూ కుడి చివర నిలబడేవాడు, మాటలన్నీ ఎడమ వైపు నుంచి వచ్చేట్టు. తర్వాత హవల్దార్ అయ్యాక, వినేవాడు కాదు చెప్పేవాడు కాబట్టి, కొంత సులువైందట.

ముగ్గురు చెల్లెళ్ల పెళ్లిళ్లూ అయ్యాయి. ఊళ్లో రెండెకరాల తరి పొలం కొన్నాడు. ఇవన్నీ ఆ చెవి లెక్కలోనే రాయాలని నాకనిపిస్తుంది.

ఏడాదికి రెండు నెలల సెలవు. ఢిల్లీ నుంచి గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ స్టేషన్‌లో దిగేవాడు. నల్ల ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల పెయింటుతో పేరు, నంబరు. హోల్డాల్. ఒక సంచిలో కాశ్మీర్ అక్రోట్లు. ఊరి పెద్దమనుషులు రమ్ము సీసా కోసం సాయంత్రమే అరుగు మీద చేరేవాళ్లు. మా పిల్లలకు మాత్రం మొదటి రెండు రోజులు ఆయనంటే భయం. మీసాలు, గట్టి గొంతు, ఇనుప బకిల్ బెల్టు. మూడో రోజు నుంచి దిగేవాళ్లం కాదు ఆయన భుజాల మీది నుంచి. సరిగ్గా అలవాటయ్యే వేళకు ట్రంకు పెట్టె మళ్లీ సర్దడం మొదలయ్యేది.

అట్లా గడిచిన బాల్యంలో దేవ్‌లాలీ మూడేళ్లు వేరు. 1981లో బాపుకు నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో, స్కూల్ ఆఫ్ ఆర్టిలరీలో, ఉస్తాద్‌గా పోస్టింగ్ వచ్చింది. కొత్తవాళ్లకు పని నేర్పేవాణ్ణి అక్కడ ఉస్తాద్ అంటారు. ఫ్యామిలీ క్వార్టర్ ఇచ్చారు. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా మీటర్ గేజ్ బండిలో, అమ్మ, నేను, తమ్ముడు, రెండు పచ్చడి జాడీలు.

మా బాపు రోజూ సాయంత్రం ఇంటికి వస్తాడని నాకు ఎనిమిదేళ్ల వయసులో తెలిసింది. ఐదున్నరకు సైకిల్ బెల్లు వినపడేది. మొదటి వారం నేను రోజూ గేటు దగ్గరికి ఉరికేదాన్ని, ఈ రోజు రాడేమోనని.

రెండో తమ్ముడు పుట్టినప్పుడు అమ్మ పది రోజులు ఆసుపత్రిలో ఉంది. వంట బాపే. అన్నం, పప్పు, ఆలుగడ్డ, మళ్లీ ఆలుగడ్డ. నాకు జడ వేయడం ఆయనకు రాదు. మొదటి రోజు పక్క క్వార్టర్ పంజాబీ ఆంటీ దగ్గరికి పంపి, తాను తలుపు దగ్గర నిలబడి ఆమె వేళ్లనే చూశాడు. రెండో రోజు నుంచి తానే వేశాడు. ఎంత బిగించి అల్లేవాడంటే రాత్రి పడుకున్నా ఒక్క వెంట్రుక ఊడేది కాదు, కళ్లు కొంచెం పైకి లాగినట్టుండేవి. నొప్పి పుట్టినా నేను చెప్పలేదు. అమ్మ వచ్చాక కూడా కొన్నాళ్లు బాపే వెయ్యాలని మారాం చేశాను.

సెప్టెంబర్ 28 గన్నర్స్ డే, ఫిరంగుల దళం వాళ్లకు పెద్ద పండుగ. 1827లో ఆ రోజున మొదటి బ్యాటరీ, అంటే ఫిరంగుల పటాలం, పెట్టారని బాపు చెప్పేవాడు. 1981లో ఎంగిలిపూల బతుకమ్మ, గన్నర్స్ డే ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అక్కడ తెలుగు కుటుంబాలు నాలుగో ఐదో. తంగేడు ఎక్కడుందో, గునుగు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. బతుకమ్మ పేర్చకుండా ఏ ఏడూ గడవలేదని అమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. బాపు తెల్లవారుజామున సైకిల్ వేసుకొని పోయి, ఏ చేల గట్ల మీద దొరికాయో, సంచి నిండా పసుపు పూలు తెచ్చాడు. వాటి పేరు మాకెవరికీ తెలియదు. అమ్మ వాటితోనే పేర్చింది. ఆ సాయంత్రం క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాలో ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, పంజాబీ వాళ్లు, మదరాసు వాళ్లు, గఢ్వాలీ వాళ్లు చుట్టూ చేరారు. బాపు కొంచెం దూరంలో, ఎడమ చెవి పాట వైపు తిప్పి, తల వంచుకొని నిలబడ్డాడు. నాకు బాపు అంటే ఇప్పటికీ ముందు గుర్తొచ్చే బొమ్మ అదే. యూనిఫాంలో ఉన్నది కాదు.

మూడేళ్ల తర్వాత ఆయనకు ఫీల్డ్ పోస్టింగ్, మేం మళ్లీ ఊరికి. ఆ తర్వాతి ఏళ్ల గురించి రాయడానికి పెద్దగా లేదు. గన్నులు మారాయి, 25 పౌండర్ పోయి మన దేశంలో చేసిన 105 ఎంఎం వచ్చింది. బాపు నాయబ్ సుబేదార్ అయ్యాడు, తర్వాత సుబేదార్. 1992లో ఇరవై ఎనిమిదేళ్లు నిండి రిటైర్ అయ్యాడు.

ఊళ్లోనే ఉండాలని ఆయన కోరిక. కానీ ఆ రోజుల్లో మా పల్లెల్లో మళ్లీ రాత్రిళ్లు తలుపు ఎవరు కొడతారో తెలియని కాలం. బాపమ్మ అప్పటికి బాగా ముసలిది, "మల్లా జొన్న చేన్లకు పోవుడు నాతోని కాదు కొడుకా" అన్నది. హనుమకొండలో సుబేదారిలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. సుబేదార్ సుబేదారిలో దిగాడని చుట్టాలంతా అనేవాళ్లు. ఆ పేరు నిజాం కాలంలో వరంగల్ సుబాను ఏలిన సుబేదార్ల వల్ల వచ్చింది, వాళ్లు చాలా పెద్ద అధికారులు. అయినా బాపుకు ఆ పేరంటే ఇష్టం. చిరునామా రాసేటప్పుడు ఆ అక్షరాలు కొంచెం పెద్దగా రాసేవాడు.

ఒక బ్యాంకులో గార్డుగా పదేళ్లు చేశాడు. నలభై మందికి ఆజ్ఞలిచ్చినాయన తలుపు దగ్గర స్టూలు మీద కూర్చోవడం చూసి నాకు కష్టంగా ఉండేది. ఆయనకు లేదు. పింఛను పైసలు తీసుకోవడానికి వచ్చే ముసలివాళ్లకు ఫారాలు నింపిపెట్టేవాడు. ఆ జీతంతోనే మేం ముగ్గురం చదువుకున్నాం.

చెవి సంగతి రికార్డులో లేదు కాబట్టి దానికి రావాల్సిన వైకల్య పింఛను రాలేదు. ఇప్పుడైనా అర్జీ పెట్టుకొమ్మని తోటి మాజీ సైనికులు చాలామంది చెప్పారు. "అప్పుడు దాచిపెట్టి ప్రమోషన్లు తీసుకున్న. ఇప్పుడు బయటపెట్టి పైసలు తీసుకోవాల్నా?" అన్నాడు. ఆయన అన్నది తప్పని నేను చాలాసార్లు వాదించాను. చెవి పోయింది నిజం, పోయింది కొలువులోనే, అడగడం హక్కు. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. బాపు మాత్రం కదలలేదు.

ఫోన్లు వచ్చాక మాట్లాడేది అమ్మ. బాపుకు ఫోన్‌లో ఏమీ తెలిసేది కాదు. నేను కరీంనగర్ నుంచి ఫోన్ చేస్తే అమ్మ ఒక్కో మాటా విని, బాపు ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి అరిచి, ఆయన జవాబు మళ్లీ నాకు చెప్పేది. ఆ జవాబు నాకు ముందే వినపడేది, అయినా ఆమె చెప్పేది. అది చాలదని బాపు నాకు నెలకు రెండు ఉత్తరాలు రాసేవాడు. 2018 దాకా రాశాడు. మా పోస్ట్‌మన్ మా ఇంటికి తప్ప ఆ వీధిలో ఇంకెవరికీ చేతిరాత ఉత్తరం తేవడం లేదని చెప్పాడు.

1999లో కార్గిల్ అప్పుడు మా ఇంట్లో టీవీ మోత వీధి చివరి దాకా. బోఫోర్స్ గన్నులు కొండల మీదికి కాలుస్తుంటే బాపు లేచి నిలబడి చూసేవాడు. పక్కింటి పిల్లలను కూర్చోబెట్టుకొని, ఎవరు గురి పెడతారు, ఎవరు నింపుతారు, కొండ మీదికి కొట్టడం ఎందుకు కష్టం, అన్నీ చెప్పేవాడు. జెండా కప్పిన పెట్టెలు ఊళ్లకు చేరుతున్న దృశ్యాలు వస్తే మాత్రం టీవీ కట్టేసి డాబా మీదికి పోయేవాడు.

2004లో వేలూరు నుంచి ఒకాయన వచ్చాడు. 1971లో బాపు గన్నుకు రెండో నంబర్. ముప్ఫై మూడేళ్ల తర్వాత కలవడం. రైలు దిగి తెల్లవారకముందే ఇంటికి చేరాడు. ఇద్దరూ అరుగు మీద మిలట్రీ హిందీలో మాట్లాడుకుంటుంటే సగం వీధి లేచి బయటికి వచ్చింది, ఏమైందోనని. రెండో నంబర్ గన్నుకు కుడి పక్కన ఉంటాడు కదా, ఆయనకు పోయింది ఎడమ చెవి. ముందు ఎవరి అలవాటు చొప్పున వాళ్లు కూర్చున్నారు, బాపు ఎడమ పక్క, ఆయన కుడి పక్క. ఒకరి మాట ఒకరికి వినపడలేదు. ఇద్దరి చెడిపోయిన చెవులూ ఎదురెదురుగా ఉన్నాయి. అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, ఆయన్ని చెయ్యి పట్టుకొని లేపి బాపుకు ఎడమ పక్కన కూర్చోబెట్టింది. అప్పుడు ఇద్దరి మంచి చెవులూ ఒక దిక్కుకు వచ్చాయి. ఆ నాలుగు రోజులూ అట్లనే కూర్చున్నారు. అమ్మ సర్వపిండి కాల్చి పెడుతూనే ఉంది.

బాపు చివరి ఏళ్లలో చేసిన ఒక పని గురించి రాయాలి. సర్వీసు రికార్డులో అమ్మ పేరు తప్పుంది. పెళ్లి వివరాలు రాసుకున్నప్పుడు ఎవరో రెండు అక్షరాలు అటూ ఇటూ రాశారు, పుట్టిన సంవత్సరం కూడా వేరే వేశారు. ఆధార్‌లో ఒక పేరు, పింఛను కాగితంలో ఒక పేరు. తాను పోయాక ఫ్యామిలీ పింఛనుకు అమ్మ ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుందని బాపు 2014లో ఆ ఫైల్ మొదలుపెట్టాడు. అఫిడవిట్లు, ఇద్దరూ కలిసి దిగిన ఫొటో, పత్రికలో ప్రకటన, ఒక చోట నుంచి ఇంకో చోటికి. ఒక కౌంటర్ దగ్గర వినపడక మూడుసార్లు అడిగితే అక్కడి మనిషి విసుక్కున్నాడు. "మీరే ఉన్నరు కదా పెద్దాయనా, ఇప్పుడే ఏం తొందర?" అని కాగితం మీద రాసి చూపించాడు. బాపు ఆ కాగితం కిందనే "నేను ఉన్నప్పుడే చెయ్యాలి" అని రాసి తిరిగిచ్చాడు. రెండేళ్లు పట్టింది. సరిచేసిన పీపీఓ, అంటే పింఛను ఉత్తర్వు కాగితం, వచ్చిన రోజు దాన్ని అమ్మ చేతికిచ్చి, ఆమెతోనే చదివించుకున్నాడు. అమ్మ తన పేరు దగ్గరికి వచ్చాక రెండుసార్లు చదివింది, గట్టిగా.

చెవి మిషన్ కూడా అమ్మ పోరు వల్లనే పెట్టుకున్నాడు, మాజీ సైనికుల పాలీక్లినిక్‌కు ఆమెనే వెంటబెట్టుకొని పోయింది. పెట్టుకున్న మొదటి రోజు గోడ గడియారం చప్పుడు విని, "ఇది ఎప్పటి నుంచి మోగుతున్నది?" అన్నాడు. మా తమ్ముడి బిడ్డకు అప్పుడు మూడేళ్లు. ఆ పిల్ల చెప్పే కథలు వినడానికి మాత్రమే మిషన్ పెట్టుకునేవాడు, కథ అయ్యాక తీసి డబ్బాలో పెట్టేవాడు. మిగతా మనం చెప్పేవి ఎట్లాగూ ఆయనకు తెలుసట.

చివరి రోజు ఉదయం అమ్మ టీ ఇస్తే తాగాడు. స్నానానికి నీళ్లు పెట్టి పిలిస్తే పలకలేదు. వినపడలేదేమోనని ఆమె ఎడమ పక్కకు పోయి గట్టిగా పిలిచింది. ఇంకోసారి పిలిచింది.

మధ్యాహ్నానికి మాజీ సైనికులు వచ్చారు, మెడల్స్ పెట్టుకొని. జెండా తెచ్చి కప్పారు. ఒకరొకరే ముందుకు వచ్చి సెల్యూట్ చేశారు. వాళ్లలో బాపుతో కలిసి పనిచేసినవాళ్లు ఎవరూ లేరు, చాలామంది వేరే రెజిమెంట్ల వాళ్లు, కొందరికి ఆయన పేరు కూడా సరిగ్గా తెలియదు. అయినా వచ్చారు. వేలూరు ఆయనకు కబురు చెప్తే ఫోన్ వాళ్ల కొడుకు ఎత్తాడు. నాన్నకు ఫోన్‌లో వినపడదు, నేను చెప్తాను అన్నాడు. అవతల ఆ అబ్బాయి గట్టిగా చెప్పడం, తర్వాత ఎంతసేపటికీ ఏ చప్పుడూ లేకపోవడం నాకు వినపడింది.

మూడో నెలకల్లా అమ్మకు పింఛను వచ్చింది. ఎవరినీ బతిమాలాల్సిన పని పడలేదు. వేలిముద్ర వెయ్యమని స్టాంపు ప్యాడ్ ముందుకు జరిపితే అమ్మ పక్కకు నెట్టి, పెన్ను తీసుకొని పూర్తి పేరు రాసింది.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటోంది. సోఫాలో ఎప్పుడూ ఎడమ చివరే కూర్చుంటుంది. పొద్దున లేచి పాలవాడితో, కూరగాయలమ్మతో, టీవీలో వార్తలు చెప్పే అమ్మాయితో మాట్లాడుతూనే ఉంటుంది. మొన్న పక్క ఫ్లాట్‌లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి తోడు కోసం పెరుగు అడగడానికి వచ్చి, లోపలి నుంచి అమ్మ గొంతు విని, "అమ్మమ్మకు వినపడదా ఆంటీ?" అని అడిగింది.

"లేదమ్మా, అమ్మకు మంచిగ వినపడుతది" అన్నాను.